ఉద్యోగం మానేస్తే ఈఎస్ఐ కార్డూ పోయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ. ఆటోనగర్‌లో ఒక లారీ బాడీ బిల్డింగ్ షెడ్డులో ఏడేళ్లు వెల్డరుగా చేశాను. జీతం 18 వేలు, ఈఎస్ఐ, పీఎఫ్ రెండూ కట్ అయ్యేవి. పక్క రోడ్డులోనే ఇంకో షెడ్డువాళ్లు రెండు వేలు ఎక్కువ ఇస్తామంటే నవంబరు 30న ఇక్కడ మానేశాను. సంక్రాంతి వెళ్లాక వచ్చి చేరమన్నారు. ఈలోగా డిసెంబరు 19న ఇంట్లో నీళ్ల ట్యాంకు కడుగుదామని ఎక్కి నిచ్చెన జారి పడ్డాను. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్డు వేశారు, అప్పు చేసి కట్టాం. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. పాత ఓనరు మానేసినవాడివి నాకేం సంబంధం అంటున్నాడు, కొత్త ఓనరు నడిచాక రా చూద్దాం అంటున్నాడు. ఉద్యోగం లేదు కాబట్టి ఈఎస్ఐ కార్డు పనిచెయ్యదని అందరూ అంటున్నారు. మా బామ్మర్ది మాత్రం, పాత షెడ్డులో పనిచేస్తుండగా పడ్డానని రాయించుకుంటే ఎక్కువ డబ్బులొస్తాయి అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు బామ్మర్ది మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. ఈఎస్ఐ అంటే కార్మికుడూ ఓనరూ నెలనెలా కట్టే ప్రభుత్వ బీమా; అందులో పనిలో దెబ్బ తగిలితే జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు, ఇంట్లో పడితే 70 శాతం. ఆయన ఆశ అక్కడ పుట్టింది. కానీ మీరు ఆసుపత్రిలో చేరిన రోజున డ్యూటీ డాక్టరు ఏమైంది అని అడిగితే మీ ఆవిడో మీరో ట్యాంకు దగ్గర నిచ్చెన జారింది అని చెప్పే ఉంటారు, అది కేసు షీటులో మొదటి లైనులోనే ఉంటుంది. దానికితోడు పాత షెడ్డులో మీ చివరి రోజు నవంబరు 30 అని రికార్డులో ఉంటుంది. డిసెంబరు 19న ఆ షెడ్డులో పడ్డానంటే ఎవరు నమ్ముతారు? పైగా అబద్ధం చెప్పి బెనిఫిట్ తీసుకోవడం చట్టం కింద నేరం, హక్కుగా వచ్చే డబ్బు కూడా అందులో కొట్టుకుపోతుంది. మీకు నిజం చెబితేనే లాభం, ఎలాగో చూడండి.

ఈఎస్ఐ కార్డు ఉద్యోగం మానేసిన రోజుతో చచ్చిపోదు. ఇది చాలామందికి తెలియదు, ఓనర్లకీ తెలియదు, ఒక్కోసారి కౌంటరులో కూర్చున్న కొత్త కుర్రాడికీ తెలియదు. ఈఎస్ఐలో ఇవాళ మీరు కట్టిన డబ్బు ఇవాళ్టికి కాదు, కొన్నాళ్ల తర్వాతి రోజులకు రక్షణగా పనికొస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టింది ఆ తర్వాత వచ్చే జనవరి నుంచి జూన్ దాకా పనిచేస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టింది జులై నుంచి డిసెంబరు దాకా పనిచేస్తుంది. కట్టిన ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు కాంట్రిబ్యూషన్ పడి ఉంటే చాలు, దానికి జతగా ఉన్న ఆరు నెలల్లో జబ్బు చేసినా దెబ్బ తగిలినా సిక్‌నెస్ బెనిఫిట్ (పనికి పోలేని రోజులకు ఇచ్చే డబ్బు) అడిగే హక్కు ఉంటుంది, ఆ రోజుకి మీరు ఏ షెడ్డులో ఉన్నా, ఏ షెడ్డులోనూ లేకపోయినా.

ఇప్పుడు మీ లెక్క వేసుకుందాం. మీరు పడింది డిసెంబరు 19. అది జులై–డిసెంబరు కాలంలోకి వస్తుంది, దానికి జత అంతకుముందు అక్టోబరు–మార్చి. ఆ ఆరు నెలలూ మీరు పాత షెడ్డులోనే ఉన్నారు కాబట్టి ఢోకా లేదు. జనవరి 1 నుంచి కొత్త కాలం మొదలవుతుంది, దానికి జత మొన్నటి ఏప్రిల్–సెప్టెంబరు, అప్పుడూ మీరు పనిలోనే ఉన్నారు. అంటే వచ్చే జూన్ 30 దాకా మీ కార్డుకి ప్రాణం ఉంది. ఆగిపోయే ప్రమాదం ఉన్నది జులై 1న. ఎందుకంటే ఈ అక్టోబరు–మార్చిలో మీకు పడింది అక్టోబరు 31 రోజులు, నవంబరు 30 రోజులు, కలిపి 61. ఇంకో 17 రోజులు తక్కువ. మార్చి 15 కల్లా కొత్త షెడ్డులో చేరి అక్కడ మీ పేరున కట్టడం మొదలైతే ఆ నెలాఖరుకి సరిగ్గా 78 అవుతాయి. కాలు మానకుండా దీనికోసం పరుగెత్తమని చెప్పడం లేదు, డాక్టరు పర్లేదంటేనే. కానీ మార్చి మొదటి వారంలో ఫిట్ అన్నాక కూడా ఉగాది వెళ్లాక చేరదాంలే అనుకునేవాళ్లని చూశాను, వాళ్లు ఆ తర్వాత ఆరు నెలలు మందు బిళ్లకి కూడా చేతి డబ్బే పెట్టుకున్నారు.

ఎంత వస్తుంది? 18 వేల జీతం మీద రోజు సగటు 590 రూపాయల చిల్లర, అందులో 70 శాతం అంటే సుమారు 410. మొదటి రెండు రోజులు ఇవ్వరు. ఆ తర్వాత నుంచి, వరుసగా వచ్చే రెండు బెనిఫిట్ కాలాల్లో కలిపి 91 రోజుల దాకా ఇస్తారు. మొత్తం వాడుకుంటే 37 వేల చిల్లర. అప్పు తీరదు, నిజమే, కానీ మూడు నెలలు ఇంట్లో బియ్యం, పాలు, అద్దెలో కొంత గడుస్తాయి. నెలకి జీతంలోంచి పోయేది 135 రూపాయలు కదా, దాని మీద మీ ఓనరు 585 వేసేవాడు, ఏడేళ్లుగా వేస్తున్నదాన్ని ఇప్పుడు అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇక మీరు చేసిన తప్పు. పడిన రోజే కాకపోయినా, ఆపరేషన్ అయ్యాకైనా ఈఎస్ఐకి కబురు పెట్టాల్సింది. గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి మీకు ఆటోలో పావుగంట. వాళ్ల దగ్గర వీలు కాకపోతే వాళ్లే రిఫర్ చేసి, తమతో ఒప్పందం ఉన్న టై-అప్ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ మీరు డబ్బు కట్టే పని ఉండదు. ఆ బిల్లులు ఇప్పుడు పెట్టుకోవచ్చు, ఎమర్జెన్సీ కింద రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు. ఇస్తే మీరు కట్టినంతా ఇవ్వరు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం (సీజీహెచ్ఎస్) రేట్ల మేరకే లెక్కగడతారు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి డాక్టరు సంతకంతో మందుల జాబితా, అన్నీ రెండేసి జిరాక్సులు తీసి ఉంచుకోండి. ఒరిజినల్ ఇచ్చేటప్పుడు అందినట్టు ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు.

బిల్లుల కంటే ముందు కదలాల్సింది సర్టిఫికెట్ కోసం. ఈ డబ్బు మీ కాలు చూసి ఇవ్వరు, ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ చూసి ఇస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనికి పోకూడదు అని ఆయన రాసినన్ని రోజులకే లెక్క. ఉత్తరం చదవగానే ఎవరినైనా తోడు తీసుకుని, వీల్‌చైర్ అయినా సరే, ఎక్స్‌రేలూ డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని మీ డిస్పెన్సరీకి వెళ్లండి. గడిచిపోయిన రోజులకు ప్రైవేటు ఆసుపత్రి కాగితాల్ని సాక్ష్యంగా తీసుకోమని ఒక అర్జీ రాసి బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. అది ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం వాళ్ల చేతిలో ఉంది, కానీ మంచం మీద ఉన్నవాడు సర్టిఫికెట్ కోసం రాలేకపోయాడనడం సరైన కారణమే. ఇవాళ్టి నుంచి మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీ పోకూడదు.

ఖాళీ అంటే ఏమిటో నా సొంత అనుభవం చెబుతాను. ఈ పత్రికల్లో రాయకముందు నేనూ షెడ్డువాణ్ణే, గ్రైండింగు చేసేవాణ్ణి. ఒకసారి వేలు నలిగి ఇంట్లో ఉన్నాను. చీటీ మీద తేదీ శనివారంతో అయిపోయింది. ఆదివారం ఎలాగూ డాక్టరు ఉండరు, సోమవారం వాన, మంగళవారం నాడు మా ఆవిడ ఏ పనీ మొదలుపెట్టొద్దంది, బుధవారం ఎవరో చుట్టాలొచ్చారు. గురువారం వెళ్లాను. డాక్టరు గురువారం నుంచే రాశారు. మధ్యలో నాలుగు రోజులు నా వేలు బాగైపోయి మళ్లీ గురువారం నాడు నలిగినట్టు కాగితం తయారైంది! ఆ నాలుగు రోజుల డబ్బు ఇప్పటికీ రాలేదు, ఇక రాదు కూడా. అందుకే చెబుతున్నా, చీటీ తేదీ అయిపోయే ముందు రోజే వెళ్లండి. చివర్లో ఫిట్‌నెస్ రాసి ఇచ్చే ఫైనల్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి, కొత్త ఓనరుకి చూపించడానికీ అదే పనికొస్తుంది.

ఇంకో రెండు సంగతులున్నాయి, ఎవరూ చెప్పరు. బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో డాక్టరు అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్లాలనుంటే ముందు అడిగి రాయించుకుని వెళ్లండి. రెండోది, కొత్త షెడ్డులో కూర్చుని చేసే పనే కదా, కొలతలు చూసి పెట్టు, రోజుకి మూడొందలు ఇస్తా అని పిలవొచ్చు. పోవద్దు. పనిచేసిన రోజుకి సిక్‌నెస్ బెనిఫిట్ ఉండదు, దొరికితే మొత్తానికే ఎసరు.

అడగని విషయం ఒకటి నేనే చెబుతాను, ఎందుకంటే మీ సావాసగాళ్లలో ఎవరో ఒకరు చెప్పే తీరతారు. ఉద్యోగం పోయినవాళ్లకి సగటు జీతంలో సగం లెక్కన 90 రోజుల దాకా ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఈఎస్ఐలోనే ఒకటుంది, జీవితంలో ఒక్కసారి. అది ఉద్యోగం పోయినవాళ్లకి, తనంతట తాను మానేసినవాళ్లకి కాదు. మీరు రెండు వేలు ఎక్కువ వస్తుందని మానేశారు కాబట్టి దాని వెంట తిరిగి టైము పోగొట్టుకోవద్దు.

పాత ఓనరుతో గొడవ పెట్టుకోకండి, ఆయనతో ఒక్క పనే ఉంది. మీ పది అంకెల ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లోకి వెళ్లి కాంట్రిబ్యూషన్ హిస్టరీ చూడండి. నెల నెలకీ ఎన్ని రోజులు వేశారో కనబడుతుంది. కొందరు ముప్పై రోజులూ పనిచేయించుకుని పోర్టల్‌లో పది పన్నెండు రోజులే చూపిస్తారు, జీతం చీటీలో మాత్రం పూర్తిగా కోసేస్తారు. అలా ఉంటే జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు చేయండి. ఓనరు కట్టకపోతే కార్మికుడి బెనిఫిట్ ఆగకూడదు, ఈఎస్ఐ కార్పొరేషన్ మీకు ఇచ్చి ఆయన దగ్గర వసూలు చేసుకోవచ్చు, చట్టంలోనే ఉంది. కొత్త షెడ్డులో చేరేటప్పుడు మాత్రం కొత్త నంబరు తీసుకోవద్దు, ఈ పాత నంబరే ఇవ్వండి. నంబరు మారితే 61, 17 కలిసి 78 అయ్యే లెక్క తెగిపోతుంది, వాటిని కలిపించడానికి మళ్లీ తిరగాలి.

పీఎఫ్ మొత్తం తీసేద్దామని కూడా అనిపిస్తుంటుంది, తెలుసు. అనారోగ్యం కింద అడ్వాన్సు అడిగితే ఆన్‌లైన్‌లోనే వస్తుంది, కావలసినంత అదే తీసుకోండి. ఏడేళ్ల సర్వీసు ఉంది మీకు, పదేళ్లయితే పెన్షన్‌కి అర్హత. మూడేళ్ల దూరంలో ఉండి ఖాతా మూసెయ్యడం ఎందుకు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. సీజన్ అయిపోయి పనుల్లేక ఇంట్లో ఉన్నప్పుడు, సెప్టెంబరులో కూరగాయలకి వెళ్లి వస్తుంటే వెనక నుంచి ఆటో గుద్ది వెళ్లిపోయింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. జీజీహెచ్‌ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో కట్టు కట్టారు. ఆటో నంబరు ఎవరూ చూడలేదు. కేసు ఎందుకులే తిరగలేం అని అప్పుడు ఊరుకున్నాం. ఇప్పుడు జనవరి, మళ్లీ పనులు మొదలయ్యాయి, చెయ్యి ముడుచుకోవడం లేదు. పని లేని రోజుల్లో జరిగింది కాబట్టి ఏమీ రాదంటున్నారు. ఈ-శ్రమ్ కార్డు ఉంది, దాని మీద ఏమైనా వస్తుందా?

జవాబు: ఈ-శ్రమ్ కార్డు ఉన్నంతమాత్రాన చెయ్యి విరిగిందని డబ్బు రాదమ్మా. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021 ఆగస్టులో పెట్టింది అది. దాన్ని పక్కన పెట్టండి.

మీకు దారి వేరే ఉంది. గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు హిట్ అండ్ రన్ పథకం కింద గట్టి గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు పరిహారం. 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తాలు. ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్రమైన గాయమే, చిన్న ఎముకా పెద్ద ఎముకా అని తేడా లేదు. ఆ రోజు ఆమె కూలికి పోతోందా, కూరగాయలకి పోతోందా అని దీనికి సంబంధమే లేదు. దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి, అక్కడ విచారణ అయ్యాక కలెక్టరు స్థాయిలో మంజూరవుతుంది.

చిక్కల్లా ఎఫ్ఐఆర్ లేకపోవడం. అయితే జీజీహెచ్‌కి యాక్సిడెంట్ అని వెళ్లారు కాబట్టి అక్కడ ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసుగా ఆసుపత్రి చేసే నమోదు) రాసి ఉంటారు, పోలీసు అవుట్‌పోస్టుకి సమాచారం వెళ్లి ఉంటుంది. ఓపీ చీటీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, బియ్యం డబ్బా మీదో, దేవుడి పటం వెనకో, వెతకండి. దాని మీద ఎంఎల్‌సీ నంబరు ఉందేమో చూడండి. దొరికితే ఆ నంబరుతో, ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యం ఎందుకైందో ఉన్నదున్నట్టు రాయండి, ఇంట్లో మగదిక్కు లేదు, అమ్మని చూసుకోవడంతో సరిపోయింది, అలా ఏది నిజమైతే అది. ఇన్నాళ్లకి వచ్చారేమిటి అని కసురుకుంటారు, కసురుకోనివ్వండి.

ఈలోగా ఆ వీధిలో ఎవరి షాపు కెమెరాలోనో, టీకొట్టువాడి మాటల్లోనో ఆటో నంబరు తెలిసిందనుకోండి, అప్పుడు కథ మారుతుంది. హిట్ అండ్ రన్ కాదు, ఆ ఆటో ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు. సెప్టెంబరు అంటున్నారు కాబట్టి మార్చిలో అదే తేదీ దాటనివ్వకండి. అక్కడ కూడా ఎదుటి లాయరు ఇదే మాట ఎత్తుతాడు, ఆ నెలల్లో ఆమెకి ఆదాయమే లేదు కదా అని. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పని చేసే గృహిణులకి కూడా ఆదాయం ఉన్నట్టే లెక్క కట్టాలని చెప్పింది, అలాంటిది సీజన్‌లో రోజంతా ఘాటులో కూర్చుని తొడిమలు తీసే మనిషికి ఆదాయం లేదనడం నిలబడదు. పనికి పిలిచే మేస్త్రీతో రోజుకి ఎంత ఇచ్చేవాడో ఒక కాగితం మీద రాయించుకోండి. లాయరు ఫీజు గురించి భయం వద్దు, స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని పెడుతుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

చెయ్యి ముడుచుకోకపోవడం గురించి అన్నిటికంటే ముందు మళ్లీ ఎముకల ఓపీకి తీసుకెళ్లండి, ఫిజియోథెరపీ రాస్తారు. ఆ చీటీలు కూడా దాచండి.

ప్రశ్న: బ్యాంకులో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ఇన్సూరెన్స్ ఉంది. ఉద్యోగం మారే మధ్యలో బైకు మీద నుంచి పడి భుజం ఎముక విరిగింది. 2 లక్షలు వస్తాయని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? – విజయవాడ, సింగ్‌నగర్

జవాబు: కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు లేదా రెండు చేతులు లేదా రెండు పాదాలు పోయినా 2 లక్షలు ఇస్తుంది. ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక పాదం శాశ్వతంగా పోతే లక్ష. విరిగి అతుక్కునే ఎముకకి ఏమీ లేదు. కానీ ఆపెయ్యకండి, మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి. ఉద్యోగం మారినప్పుడు చాలామంది పాత జీతం ఖాతాని ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు ప్రీమియం కట్ కాదు, పాలసీ ఆగిపోయిన సంగతి అవసరం పడిన రోజున తెలుస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య పెయింటరు. పనుల్లేని వారంలో రోడ్డు ప్రమాదంలో ఎడమ పాదం తీసేశారు. ఆయనకీ పై ఇన్సూరెన్స్ ఉంది. ఇంకేమైనా ఉన్నాయా? – గుంటూరు

జవాబు: పై జవాబులో చెప్పిన లక్ష మీ అన్నయ్యకి వర్తిస్తుంది, ఖాతా ఉన్న బ్యాంకులో క్లెయిము ఫారం వెంటనే ఇవ్వండి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ జత చేయాలి. ఆ తర్వాత సచివాలయంలోగానీ మీసేవలోగానీ వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షకి స్లాటు బుక్ చేయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే దివ్యాంగుల పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2024 జులై నుంచి అది నెలకి 6 వేలు. బండి నంబరు తెలిసి ఉంటే ట్రిబ్యునల్ కేసు సంగతి పై అమ్మాయికి చెప్పిందే మీకూను, ఇక్కడ ఆరు నెలల గడువు ఇంకా ముఖ్యం. స్లాటు రోజున ఆపరేషన్ కాగితాలన్నీ ఒరిజినల్స్ తీసుకెళ్లండి, ఆధార్‌లో పేరూ ఆసుపత్రి కాగితాల్లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో మాత్రం ముందు రాత్రే సరిచూసుకోండి.